బేజుబాన్ బీమారీ, బైతార్ల హునర్

మన ఇళ్లల్లో కుక్క మాట వస్తే ముందు నాపాకీ మాట వస్తుంది. అది ముట్టిన గిన్నె ఎన్నిసార్లు కడగాలి, అది తగిలిన బట్టలతో నమాజ్ అవుతుందా, అది తిరిగిన చోట జానమాజ్ పరచవచ్చా? ఈ మసాయిల్ చిన్నపిల్లలకు కూడా తెలుసు. అదే కుక్కకు జబ్బు చేస్తే మన మీద దాని హక్ ఏమిటని అడగండి, పెద్దవాళ్లు కూడా కాసేపు ఆలోచనలో పడతారు.

పోయిన ఏడాది మా ఇంట్లో ఈ సవాల్ నిజంగానే ఎదురైంది. మేకల దొడ్డికి కాపలా ఉండే మా షేరూకి పెషాబ్ బంద్ అయింది. మసానాలో రాళ్లు. ఆపరేషన్ చేయించాం, 18 వేలు ఖర్చయింది. "కుక్కకు ఆపరేషనా? ఆ పైసలు ఏ యతీమ్‌కో ఇస్తే సవాబ్ దక్కేది కదా" అన్నారు చుట్టాల్లో ఒక పెద్దాయన. ఆయన నియ్యత్‌ను తప్పుపట్టను. కానీ ఆ మాట వెనక మనలో చాలామందికి ఉన్న ఒక ఖయాల్ ఉంది. జంతువులకు వైద్యం అనేది ఇంగ్లీషువాళ్లు తెచ్చిన షౌక్ అనీ, మన దీన్‌కూ మన తారీఖ్‌కూ దానితో తాల్లుఖ్ లేదనీ. ఆ ఖయాల్ ఎంతవరకు సహీ అన్నది తారీఖ్‌నే అడుగుదాం.

బైతార్, సలోత్రీ

అరబీలో పశువైద్యుణ్ని బైతార్ అంటారు. ఆ విద్య పేరు బైతరా. యునానీ భాషలో గుర్రాల వైద్యుణ్ని 'హిప్పియాత్రోస్' అనేవాళ్లు. ఆ మాటే అరబ్బుల నోట్లో పడి బైతార్ అయింది. అక్కడితో ఆగలేదు. అందులుస్ మీదుగా స్పానిష్‌లోకి వెళ్లి 'అల్బేతార్' అయింది. స్పెయిన్‌లో పశువైద్యుణ్ని వందల ఏళ్లు ఆ పేరుతోనే పిలిచారు.

మన ఉర్దూలో ఇంకో మాట ఉంది: సలోత్రీ. గుర్రాల వైద్యం రాశాడని చెప్పే శాలిహోత్ర ముని పేరే అది. ఆ పేరు వాడుకలో అరిగి ఒక వృత్తి పేరైంది. మన బడుల్లో ఉర్దూ చదువుకున్నవాళ్లకు ఆ మాట తెలుసు, దాని లోపల ఒక ముని పేరుందని మాత్రం చాలామందికి తెలియదు. ఇల్మ్‌కు సరహద్దులు లేవనడానికి ఈ రెండు మాటలు చాలు.

9వ శతాబ్దంలో, అబ్బాసీల కాలంలో ఇబ్న్ అఖీ హిజామ్ గుర్రపుస్వారీ మీద, గుర్రాల వైద్యం మీద కితాబ్ రాశారు. తర్వాత వచ్చిన బైతార్లకు అది బునియాద్. 13వ శతాబ్దం మొదట్లో బగ్దాద్‌లో బైతరా గ్రంథాన్ని రంగుల బొమ్మలతో నకలు చేశారు. 14వ శతాబ్దంలో ఈజిప్టు మమ్లూక్ సుల్తాన్ నాసిర్ ముహమ్మద్ దగ్గర పనిచేసిన బైతార్ అబూబకర్ ఇబ్న్ బద్ర్ ఇంకో పెద్ద గ్రంథం రాశారు. సుల్తాన్ పేరు మీద దాన్ని 'నాసిరీ' అంటారు. 19వ శతాబ్దంలో ఫ్రెంచివాళ్లు కూడా దాన్ని తమ భాషలోకి తర్జుమా చేసుకున్నారు.

బైతార్ పని మీద బజార్‌లో నిఘా కూడా ఉండేది. 12వ శతాబ్దంలో షైజరీ అనే ఆయన ముహ్తసిబ్‌ల కోసం, అంటే బజార్‌ను తనిఖీ చేసే అధికారుల కోసం ఒక కితాబ్ రాశారు. రొట్టెలు కాల్చేవాడి నుంచి తబీబ్ దాకా ఎవరిని ఎలా పరీక్షించాలో అందులో ఉంది. అందులో బైతార్లకు ఒక బాబ్ ఉంది. అందులో ఆయన చెప్పిన మాట సారాంశం ఇది: మనిషి వైద్యం కంటే పశువు వైద్యం కష్టం, ఎందుకంటే మనిషి నొప్పి ఎక్కడో చెప్పగలడు, పశువు చెప్పలేదు. మనం బేజుబాన్ అని జాలిపడి వదిలేస్తాం. ఆయన ఆ బేజుబానీ నుంచే వైద్యుడి జిమ్మేదారీ పెరుగుతుందన్నారు.

మరి కుక్క సంగతి?

ఇక్కడ సాఫ్‌గా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ గ్రంథాల్లో ఎక్కువ భాగం గుర్రానిదే. దాని తర్వాత వేట డేగ. అవి సుల్తాన్‌ల ఆస్తి, యుద్ధానికీ వేటకూ పనికొచ్చే జీవాలు. కుక్కకు చోటు దొరికింది వేట గ్రంథాల్లో, అదీ వేటకుక్కకే. ఖురాన్ షరీఫ్‌లో సూరా మాయిదా 4వ ఆయత్‌లో శిక్షణ పొందిన వేటజంతువు పట్టి తెచ్చిన వేటను తినడానికి ఇజాజత్ ఉంది. అందుకే వేటకుక్కను పెంచడం, దాని జబ్బు చూడడం ఎవరికీ వింతగా అనిపించలేదు.

లాటిన్‌లో 'మోఆమిన్' పేరుతో ప్రసిద్ధమైన ఒక అరబీ వేట గ్రంథం ఉంది. సిసిలీని ఏలిన ఫ్రెడరిక్ చక్రవర్తి కొలువులో 13వ శతాబ్దంలో దాన్ని లాటిన్‌లోకి తర్జుమా చేశారు. డేగల జబ్బులతో పాటు కుక్కల జబ్బులు, మందులు కూడా అందులో ఉన్నాయి. అంటే కుక్క వైద్యం యూరప్ నుంచి మనకు రావడానికి చాలా ముందే అరబీ నుంచి యూరప్‌కు వెళ్లింది.

అదబ్‌లోనూ కుక్క ఉంది. 9వ శతాబ్దంలో బస్రా రచయిత జాహిజ్ తన 'కితాబుల్ హయవాన్'లో కుక్క గొప్పదా, కోడిపుంజు గొప్పదా అని పేజీలకు పేజీలు బహస్ నడిపారు. ఆయన తర్వాత ఇబ్నుల్ మర్జుబాన్ అనే బగ్దాద్ పండితుడు బట్టలు కట్టుకు తిరిగే చాలామంది కంటే కుక్కలే నయం అని పేరుపెట్టి మరీ కితాబ్ రాశారు. వఫాదారీ గురించిన కథలన్నీ అందులో పోగేశారు.

రాయి, నష్తర్

ఇప్పుడు రాయి దగ్గరికి వద్దాం. మసానాలో రాయి మనిషికి చాలా పాత జబ్బు. కోయడం అంటే అందరికీ భయం. యునానీ వైద్యులు హిప్పోక్రటీస్ పేరుతో తీసుకునే ప్రమాణంలోనే రాయి కోసం నష్తర్ పట్టనని ఒక షరతు ఉంది, ఆ పని దానికోసమే ఉన్నవాళ్లకు వదిలేస్తామని. మన దేశంలో సుశ్రుతుడి గ్రంథం అశ్మరిని కోసి తీసే పద్ధతి చెబుతూనే, ప్రాణం మీదికి వచ్చినప్పుడే చెయ్యాలంటుంది.

అర్‌రాజీ గుర్దాల్లో, మసానాలో వచ్చే రాళ్ల మీద ప్రత్యేకంగా ఒక రిసాలా రాశారు. 925లో ఇంతఖాల్ చేసిన ఈ తబీబ్ రిసాలాను వెయ్యేళ్ల తర్వాత, 1896లో లైడెన్‌లో ఫ్రెంచ్ తర్జుమాతో అచ్చువేశారు.

ఇక అసలు జర్రాహ్ అబుల్ ఖాసిమ్ అజ్‌జహ్రావీ. అందులుస్‌లో కుర్తుబా పక్కనున్న మదీనతుజ్జహ్రా ఆయనది. ఆయన 'తస్రీఫ్' 30 భాగాల గ్రంథం, చివరి భాగం మొత్తం జర్రాహీ. పనిముట్ల బొమ్మలు కూడా గీసి పెట్టారు. రాయి మసానా నుంచి జారి మూత్రనాళంలో ఇరుక్కుంటే ఏం చెయ్యాలో అందులో ఉంది. ముందు రాయికి వెనకవైపు దారం బిగించాలి, అది మళ్లీ మసానాలోకి జారిపోకుండా. తర్వాత 'మిష్అబ్' అనే సన్నని ఉక్కు బర్మాను మెల్లగా లోపలికి పంపి, రాయిని తాకేదాకా తీసుకెళ్లి, కొంచెం కొంచెంగా తిప్పుతూ చిల్లు పెట్టాలి. పెషాబ్‌కు దారి దొరుకుతుంది. ఆ పైన బయటి నుంచి వేళ్లతో నొక్కితే రాయి ముక్కలై బయటికి కొట్టుకొస్తుంది. అదీ కుదరకపోతేనే నష్తర్.

ఇదంతా రోగికి మత్తు ఇచ్చే నేటి పద్ధతి లేని రోజుల్లో. ఈథర్‌తో మత్తిచ్చి ఆపరేషన్ చేయొచ్చని అమెరికాలో నలుగురి ముందు రుజువు చేసింది 1846లో. లోపలి రాయిని కంటికి చూపించే ఎక్స్‌రే వచ్చింది 1895లో. ఆ రెండూ లేకుండా జహ్రావీ వేళ్ల స్పర్శతో పని చేశారు.

షేరూ

మగకుక్క శరీరంలో ఒక చిక్కుంది. దాని పురుషాంగంలో ఒక చిన్న ఎముక ఉంటుంది. మూత్రనాళం ఆ ఎముక గాడిలోంచి వెళ్తుంది. చుట్టూ ఎముక ఉన్నచోట నాళం సాగదు. మసానాలోంచి జారిన రాయి సరిగ్గా ఆ గాడి మొదట్లో ఇరుక్కుంటుంది. ఆడకుక్క మూత్రనాళం పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది కాబట్టి దానికి ఇలా పూర్తిగా బంద్ కావడం తక్కువ.

షేరూ వేపచెట్టు దగ్గర కాలెత్తి నిలబడేవాడు. ఒకటి రెండు చుక్కలు, వాటిలో ఎర్రజీర. మళ్లీ ఇంకోచోట కాలెత్తేవాడు. కడుపు బిగిసింది, తిండి మానేశాడు. "వేడి చేసింది, బార్లీ నీళ్లు పట్టండి" అన్నారు ఇరుగుపొరుగు. పశువుల డాక్టర్ కడుపు మీద చెయ్యి వేయగానే "ఇది వేడి కాదు సార్, దారి మూసుకుంది" అన్నారు. పెషాబ్ పూర్తిగా ఆగితే రక్తంలో విషం చేరుతుంది, పొటాషియం పెరిగి గుండె ఆగిపోవచ్చు, రెండు మూడు రోజుల్లో ప్రాణం పోతుందని చెప్పారు. అందుకే ముందు రక్తపరీక్ష, సెలైన్, తర్వాతే ఆపరేషన్.

డాక్టర్ చేసిన మొదటి పని చూసి నాకు జహ్రావీ గుర్తొచ్చారు, కానీ తలకిందులుగా. ఆయన రాయి మసానాలోకి వెనక్కి పోకుండా దారం కట్టమన్నారు. ఇక్కడ డాక్టర్ సన్నని గొట్టం పెట్టి, సెలైన్‌ను ఒత్తిడితో ఎక్కించి, రాళ్లను కావాలనే మసానాలోకి వెనక్కి నెట్టారు. కారణం ఉంది. జహ్రావీ కాలంలో పొట్ట కోసి మసానా తెరిస్తే మనిషి బతకడనే నమ్మేవాళ్లు. ఫ్రాన్స్‌లో పియెర్ ఫ్రాంకో అనే జర్రాహ్ 16వ శతాబ్దంలో ఒక పసివాడికి ఆ దారిలో రాయి తీసి బతికించినా, మళ్లీ అలా చెయ్యొద్దనే రాశాడు. ఇవాళ మత్తు ఉంది, యాంటీబయోటిక్ ఉంది, కరిగిపోయే కుట్టుదారం ఉంది. కాబట్టి ఇరుకైన నాళాన్ని కోయడం కంటే మసానాను తెరవడమే మేలు. నాళం మీద కోత మానేటప్పుడు ఇంకా ఇరుకవుతుంది. మళ్లీ మళ్లీ రాళ్లు అడ్డుపడే కుక్కకు మాత్రం ఎముకకు వెనకవైపు పెషాబ్ కోసం కొత్త దారి పెడతారట. షేరూకి ఆ అవసరం రాలేదు.

రాళ్లు నూకల్లా ఉన్నాయి, పదకొండు. పరీక్షకు పంపితే కాల్షియం ఆక్సలేట్ అని వచ్చింది. ఆ రకం తిండితోనూ మందులతోనూ కరగదు, తీయాల్సిందే. ఇన్ఫెక్షన్ వల్ల వచ్చే స్ట్రువైట్ రకం అయితే మందు, ప్రత్యేకమైన తిండితో చాలాసార్లు కరుగుతుందట. మచ్చల డాల్మేషియన్ కుక్కల్లో యూరిక్ యాసిడ్ సంబంధమైన రాళ్లు ఎక్కువ, అది వాటి జాతిలోనే ఉన్న దోషం, ఆ రకం మామూలు ఎక్స్‌రేలో చాలాసార్లు కనిపించదు కూడా. అందుకే తీసిన రాయిని పారేయకుండా పరీక్ష చేయించాలి. దాన్ని బట్టే ముందుముందు ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు అన్నది తేలుతుంది. ఏ రకానికైనా నీళ్లు ఎక్కువ తాగించడం మేలు.

కుట్లు నాకకుండా షేరూ మెడకు ప్లాస్టిక్ గరాటా కట్టారు. పన్నెండు రోజులు దొడ్డి పక్క రేకుల షెడ్డులో ఉంచాం. రెండో రోజు ఫజర్ తర్వాత ధారగా పెషాబ్ పోశాడు. అమ్మీ అది చూసి "అల్‌హమ్దులిల్లాహ్" అంది. బైతుల్‌ఖలా నుంచి బయటికి రాగానే చదివే దువా మనకు పిల్లప్పుడే నేర్పుతారు. ఏ నేమత్ కోసం ఆ షుక్ర్ అన్నది ఆ రోజు మా ఇంట్లో అందరికీ తెలిసొచ్చింది.

వాజ్‌లలో చెప్పే ఒక రివాయత్ మీరూ వినే ఉంటారు. ఖలీఫా హారూన్ రషీద్ నీళ్లు తాగబోతుంటే ఇబ్న్ సమ్మాక్ ఆపి అడిగారట, ఈ గుక్కెడు నీళ్లు దొరక్కపోతే ఎంతిస్తావని. సగం సల్తనత్ అన్నాడు ఖలీఫా. తాగిన నీళ్లు బయటికి రాకపోతే? మిగతా సగం అన్నాడు. గుక్కెడు నీళ్ల విలువ చేయని సల్తనత్ కోసం ఎందుకింత ఆరాటం అన్నారట ఇబ్న్ సమ్మాక్. ఖలీఫాకైనా షేరూకైనా ఆ తక్లీఫ్ ఒకటే.

కుక్కల కర్జా

మన ప్రాంతంలో గుర్దాల్లో రాళ్లు లేని ఖాందాన్ తక్కువ. కోత లేకుండా బయటి నుంచి షాక్‌వేవ్‌తో రాయి పగలగొట్టే వైద్యం ఇవాళ మన ఊళ్ల దాకా వచ్చింది. అది మనిషికి మొదటిసారి చేసింది 1980లో, జర్మనీలోని మ్యూనిక్‌లో. అంతకు ముందు ఏళ్ల తరబడి దాన్ని పరీక్షించింది కుక్కల మీద. గుర్దాల్లో రాళ్లు పెట్టి, పగలగొట్టి, చుట్టూ ఉన్న అవయవాలు ఏమవుతున్నాయో చూశారు. షుగర్ ఉన్నవాళ్లు తీసుకునే ఇన్సులిన్ కూడా 1921లో టొరంటోలో కుక్కల మీద చేసిన ప్రయోగాల్లోనే బయటపడింది. మన ఇళ్లల్లో ఎందరి ప్రాణాలు నిలవడానికో ఎన్ని కుక్కలు ప్రాణాలిచ్చాయి. వాటి వైద్యం వింతగా తోచేవాళ్లకు ఈ హిసాబ్ కూడా తెలియాలి.

నాపాకీ వేరు, నఫ్రత్ వేరు

ఇదంతా చెప్పి మసాయిల్‌ను పక్కన పెట్టమని నేననను. కుక్క ఉన్న ఇంట్లోకి రహ్మత్ ఫరిష్తాలు రారని సహీ హదీస్ ఉంది. కారణం లేకుండా కుక్కను పెంచితే అజ్ర్ తగ్గుతుందన్న హదీస్ కూడా ఉంది. అదే హదీస్‌లో మందకు, పొలానికి, వేటకు ఉన్న కుక్కలకు మినహాయింపు ఉంది. చాలామంది ఉలమా ఇంటి కాపలానూ వాటితో కలిపి చూశారు. గిన్నెలో మూతి పెడితే ఏడుసార్లు కడగాలని షాఫయీ, హంబలీ మజ్‌హబ్‌లు, మూడుసార్లు కడిగితే పాక్ అవుతుందని మన హనఫీలు అంటారు. హనఫీల్లో ఫత్వా ఉన్న మాట ప్రకారం కుక్క ఉమ్మి నాపాక్, పొడి ఒళ్లు తగిలితే బట్ట నాపాక్ కాదు. ఇమామ్ మాలిక్ మజ్‌హబ్‌లోనైతే బతికున్న కుక్క పాకే.

మేం షేరూను ఇంట్లోకి తేలేదు. మందు వేసేవాడికి విడిగా ఒక పాత కుర్తా, చేతులకు గ్లౌజులు. దొడ్డి నేల మీద పడిన పెషాబ్‌ను నీళ్లతో కడిగేవాళ్లం. నేల ఎండి, వాసనా మరకా పోతే నమాజ్‌కు పాకేనని హనఫీ మసలా. పన్నెండు రోజుల్లో మా ఇంట్లో ఒక్క నమాజ్ కూడా షేరూ వల్ల తప్పలేదు.

తహారత్ హుకుమ్‌లు కుక్కతో ఎలా మెలగాలో చెప్పాయి. దాన్ని నఫ్రత్ చేయమని చెప్పలేదు. గుహవాసులైన అస్‌హాబె కహఫ్‌తో పాటు గడప దగ్గర ముందుకాళ్లు చాపుకుని పడుకున్న కుక్కను సూరా కహఫ్ 18వ ఆయత్ మనకు ఖయామత్ దాకా చదివిస్తుంది. దాహంతో నాలుక చాపిన కుక్కకు బావిలోకి దిగి, చెప్పుతో నీళ్లు తోడిచ్చిన మనిషికి మగ్‌ఫిరత్ దొరికిందని బుఖారీ షరీఫ్‌లో ఉంది. ఆ కుక్క వేటది కాదు, కాపలాది కాదు, ఎవరిదీ కాదు.

హక్ ఎంతవరకు?

చివరికి ఆ పెద్దాయన సవాల్‌కే వద్దాం. యతీమ్‌కు ఇస్తే సవాబ్ కదా? జవాబ్ దిమష్క్‌లో పుట్టి, ఖాహిరాలో 1262లో ఇంతఖాల్ చేసిన ఇమామ్ ఇజ్జుద్దీన్ ఇబ్న్ అబ్దుస్సలామ్ (రహ్మతుల్లాహి అలైహ్) దగ్గర దొరికింది. తన 'ఖవాయిదుల్ అహ్‌కామ్'లో ఆయన మనిషి మీద జంతువులకున్న హక్కుల ఫెహ్‌రిస్త్ ఇచ్చారు. దానికి తగిన తిండి ఖర్చు పెట్టాలి, మోయలేని బరువు వేయకూడదు, దానికి హాని చేసే జంతువులతో కలిపి కట్టకూడదు, పిల్లల్ని దాని కళ్ల ముందు కోయకూడదు. వీటిలో నన్ను ఆపేసిన మాట ఒకటుంది. జంతువు ముసలిదై, రోగిష్టిదై, ఇక దానితో ఏ ఫాయిదా లేకపోయినా సరే ఆ ఖర్చు తప్పదు అన్నారాయన.

సుల్తాన్‌ల బైతార్లు పనికొచ్చే గుర్రాన్ని బాగుచేశారు. ఈ ఆలిమ్ పనికిరాని జంతువు వైపు నిలబడ్డారు. మన హనఫీ ఫిఖహ్‌లోనూ జంతువును పోషించడం యజమాని మీద అల్లాహ్ ముందు వాజిబ్. ఖాజీ బలవంతం చేయలేడని మామూలు ఫత్వా, ఖాజీ బలవంతం చేయాల్సిందేనని ఇమామ్ అబూ యూసుఫ్ మాట.

ఇక్కడే తేడా ఉంది. యతీమ్‌కు ఇచ్చేది సద్ఖా. దొడ్డిలో కట్టుకున్న జీవానికి పెట్టేది సద్ఖా కాదు, మన మీద ఉన్న కర్జా. కర్జా తీర్చినవాణ్ని ఆ పైసలు ఖైరాత్ ఎందుకు చేయలేదని ఎవరూ అడగరు. పెద్ద వైద్యం చేయించే హైసియత్ అందరికీ ఉండదు, అల్లాహ్ ఎవరి మీదా మోయలేని భారం వేయడు. కానీ సర్కారీ పశువుల ఆసుపత్రి దాకా తీసుకెళ్లడం, పెషాబ్ ఆగిందని ఆ రోజే గుర్తుపట్టడం, నొప్పితో మూలిగేదాన్ని రోడ్డు మీద వదలకపోవడం - వీటికి హైసియత్ కంటే ఎహ్‌సాస్ ఎక్కువ కావాలి. కాపలాకు కుక్కను కట్టుకున్న రోజే ఈ కర్జా కూడా మన ఖాతాలో రాసుకున్నట్టు. దాన్ని తీర్చే హునర్‌ను వెయ్యేళ్ల కిందటే మన బైతార్లు, మన జర్రాహ్‌లు కితాబుల్లో రాసి వెళ్లారు.